చెయ్యి తిరిగొచ్చిన రోజులు

పటమట, విజయవాడ
జూన్ 12

ఒరేయ్ రత్నం,

ఈ రాత చూసి ఎవరో పిల్లలు రాశారనుకుంటావు. నేనే, బాబ్జాన్‌ని.

ఫోన్‌లో నా మాట వినపడక నువ్వు రెండుసార్లు పెట్టేశావు. అది నీ చెవుల తప్పు కాదు, నా గొంతు తప్పు. గట్టిగానే మాట్లాడుతున్నాననుకుంటాను. పక్కనే కూర్చున్న మా అమ్మాయి సబీహాకి కూడా వినపడదట. అందుకని ఉత్తరం.

కిందటి నెల మా సబీహా నన్ను నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. రుచిత గారని, వయసులో సబీహా కంటే కొంచెం పెద్దదేమో. నడవమంది. బొటనవేలికి చూపుడువేలు తాకించమంది. తెల్లకాయితం ఇచ్చి ఏదైనా రాయమంది. నా సంగతి నీకు తెలుసుగా, పెన్ను పట్టుకోగానే అలవాటుకొద్దీ లారీ ముందు రాసేదే వచ్చింది: 'శ్రీ లక్ష్మీ నరసింహ ప్రసన్న'. శ్రీ బొటనవేలంత వచ్చింది. ప్రసన్న దగ్గరికొచ్చేసరికి చీమలు. ఆవిడ ఆ కాయితం నా వైపు తిప్పి, "ఇలా మీరు కావాలని రాశారా అండీ?" అంది. లేదమ్మా, అన్నీ ఒకే సైజులో రాస్తున్నాననుకున్నాను అన్నాను. అప్పుడు చెప్పింది, పార్కిన్సన్స్ అని.

మెదడులో డోపమైన్ అని ఒక రసాయనం ఊరుతుందట. కదులు అని మనసు అనుకుంటే ఆ కబురు చేతిదాకా చేరడానికి అది కావాలట. నాలో అది ఊరే కణాలు ఎండిపోతున్నాయట. "మీ చెయ్యి బాగానే ఉందండీ, దానికి కబురే సరిగ్గా అందట్లేదు" అంది. మాత్రలు రాసింది. రోగాన్ని పోగొట్టవట, లోటు పూడుస్తాయట.

ఆటోనగర్‌లో షెడ్డు వదిలేసి రెండేళ్ళయింది. రేడియం స్టిక్కర్లు వచ్చాక బ్రష్‌తో రాయించుకునేవాడు లేక మానేశానని అందరికీ చెప్పాను. నీకూ అదే చెప్పాను. అసలు సంగతి, గుడిదీర్ఘాలు వంకరపోతున్నాయి. ఎవడూ చూడకముందే మానేశాను.

కసరత్తులు చేయించే అమ్మాయి రోజూ ఒక పేజీ పెద్ద పెద్ద అక్షరాలతో రాయమంది. ఎవరికి రాయను? నువ్వైతే తెలుగు మాస్టారివి, తప్పులైనా దిద్దుతావు.

బాబ్జాన్

•

అవనిగడ్డ
జూన్ 20

బాబ్జీ,

మొదటి పేరా కళ్ళజోడు లేకుండా చదివాను. చివరి పేరాకి భూతద్దం వెతుక్కోవాల్సి వచ్చింది. తప్పులు ఒక్కటీ లేవు. తప్పులు లేని ఉత్తరం చదివి ఇంత బాధపడింది ఇదే మొదటిసారి.

రెండేళ్ళు దాచావు. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు. మనం వన్‌టౌన్ స్కూల్లో చదువుకునేటప్పుడు నల్లబల్ల మీద నువ్వు తేదీ రాస్తే చెరపడానికి మాస్టార్లకే మనసొప్పేది కాదు. నేను పండిత శిక్షణ పాసై, ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాను గానీ నా రాత చూసి పిల్లలు నవ్వుకోని రోజు లేదు. ఆ చెయ్యికి ఇలా అయిందంటే ఒప్పుకోవడానికి టైం పడుతుంది.

మాత్రలు వేళకి వేసుకో. అన్నానికి ముందా తరవాతా అన్నది డాక్టరమ్మని మళ్ళీ అడుగు. మీ వదిన తెరేసమ్మ నీ పేరు చెప్పి చర్చిలో ప్రార్థన చేయిస్తానంటోంది. వద్దనకు. చింతకాయ పచ్చడి కూడా పంపుతుందట, దానికైతే ఎలాగూ వద్దనవు.

రోజుకో పేజీ అన్నారుగా. రాస్తూ ఉండు. చీమలైనా సరే, చదువుకుంటాను.

జీవరత్నం

•

పటమట
ఆగస్టు 28

రత్నం!

చూడు! ఈ అక్షరాలు చూడు! మొదటి లైనూ ఆఖరి లైనూ పక్కపక్కన పెట్టి చూసుకో.

పాత మాత్రలతో నడక బాగుపడింది గానీ చెయ్యి పూర్తిగా రాలేదు. డాక్టరమ్మ ఇంకో రకం మాత్ర కలిపింది. మొదటిది డోపమైన్‌కి ముడిసరుకట. ఇది అలా కాదట, తానే డోపమైన్‌నని వేషం వేసుకుని మెదడుని నమ్మిస్తుందట. మెల్లమెల్లగా డోసు పెంచింది. పెంచేటప్పుడు నన్నూ సబీహానీ ఎదురుగా కూర్చోబెట్టి ఒక మాట చెప్పింది. "కొంతమందికి దీనివల్ల కొత్త పిచ్చి పట్టుకుంటుందండీ. పేకాట, ఎడాపెడా షాపింగు, తిండి, ఇంకేదైనా సరే. ఆపుకోలేకపోతున్నారనిపిస్తే దాచకుండా చెప్పాలి" అంది. నాకు నవ్వొచ్చింది. జన్మలో పేకముక్క పట్టుకోనివాణ్ణి.

ఒకరోజు పొద్దున చొక్కా గుండీలు నేనే పెట్టుకున్నాను. సబీహా చూసి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. ఆ మధ్యాహ్నమే అటక మీద నుంచి బ్రష్‌లు దింపాను. వెంట్రుకలు గట్టిపడిపోయాయి. కిరసనాయిల్లో నానబెట్టి, దువ్వి, మా గేటు మీద ఇంటిపేరు రాశాను. అది ఆరకముందే పక్కింటివాళ్ళ గేటు మీద రాశాను. ఆ తరవాత ఎదురింటి డాబా మెట్ల కింద. వీధిలో అందరూ బాబ్జాన్ భాయ్‌కి చెయ్యి తిరిగొచ్చింది అంటున్నారు. ఆటోనగర్‌కి కూడా వెళ్ళాను. నా షెడ్డులో ఇప్పుడు టైర్లు అమ్ముతున్నారు. వాళ్ళ షట్టర్ మీద కూడా రాసి వచ్చాను.

రాత్రిళ్ళు నిద్ర తక్కువే. ఫరవాలేదు, రెండేళ్ళు నిద్రపోయాను కదా.

మీ చర్చి బోర్డు వెలిసిపోయిందని తెరేసమ్మ ఎప్పుడో అంది. నేనొచ్చి రాస్తాను. వద్దంటే ఊరుకోను.

బాబ్జాన్

•

అవనిగడ్డ
సెప్టెంబర్ 30

బాబ్జీ,

నువ్వు వెళ్ళి వారమైంది. 'ప్రార్థనా మందిరము' అని ఆర్చీ మీద నువ్వు రాసిన అక్షరాలు చూడ్డానికి పులిగడ్డ నుంచి కూడా వస్తున్నారు. ఆ 'ర్థ' ఒత్తు దగ్గర బ్రష్ తిప్పిన తీరు చూసి పాస్టర్ సొలొమోను గారు ఆదివారం ప్రసంగంలో దాని గురించే మాట్లాడారు. నిచ్చెన మీద నిన్ను చూస్తూ అక్కడే నిలబడిపోయాను. మన పాతికేళ్ళ వయసు మళ్ళీ చూసినట్టుంది.

ఇంతవరకూ రాసి ఆపేద్దామనుకున్నాను. ఆపలేకపోతున్నాను.

బోర్డు అయ్యాక నువ్వు ఆపలేదు. కాంపౌండు గోడంతా రాశావు. గోడ అయ్యాక బెంచీల వెనక రాశావు. తెరేసమ్మ అన్నం వడ్డించి పిలిస్తే, "వస్తన్నా వదినా, ఇదొక్కటీ" అన్నావు. ఆ ఒక్కటి పొద్దు వాలేదాకా అయింది. పాస్టర్ గారి స్కూటర్ మీద ఆయన్ని అడక్కుండానే 'కృప' అని రాసేశావు. ఆయన మంచివాడు గనక నవ్వేశారు. నేనూ నవ్వాను. అయితే బస్టాండులో నిన్ను ఎక్కించేటప్పుడు నీ వేళ్ళు ఊరికే ఉండలేదు. బస్సు అద్దం మీది దుమ్ములో కూడా రాస్తున్నాయి. నేను మాట్లాడుతుంటే నువ్వు నన్ను చూడలేదు, నా వెనకున్న ఖాళీ గోడని చూశావు.

భోజనం మధ్యలో జేబులోంచి తీసి ఒక మాత్ర వేసుకున్నావు. అది వేసుకోవాల్సిన వేళేనా?

నీ సంతోషం చెడగొట్టాలని రాయడం లేదు.

రత్నం

•

పటమట
అక్టోబర్ 11

రత్నం,

నీ దగ్గర దాచడం నా వల్ల కాదు. కాబట్టి చెబుతున్నాను. ఇది నీ దగ్గరే ఉండాలి. సబీహాకి తెలియకూడదు.

ఆ వేషం మాత్ర రాసిచ్చినదానికన్నా ఎక్కువ వేసుకుంటున్నాను. పాత చీటీ పట్టుకుని వేరు వేరు మందుల షాపుల్లో కొనుక్కుంటున్నాను. ఎందుకో చెబితే నువ్వు అర్థం చేసుకుంటావు. మందు దిగిపోయేటప్పుడు ముందు వేళ్ళ చివర తెలుస్తుంది. బ్రష్ బరువెక్కుతుంది. తరవాత మోచెయ్యి కర్రలా అవుతుంది. ఆ తరవాత మొహం. సబీహా నవ్వించినా మొహం నవ్వదు. సగం రాసిన అక్షరం ఎదురుగా ఉంటుంది, నేను దాని ముందు కొయ్యబొమ్మలా నిలబడి ఉంటాను. అలా నిలబడే బదులు ఇంకొకటి వేసుకుంటే తప్పేమిటి?

అయితే నిజం చెప్పాలి, ఇప్పుడు చెయ్యి కోసమే వేసుకుంటున్నానని అనలేను. రంగు డబ్బా మూత తీస్తే నోట్లో నీళ్ళూరతాయి. ఖాళీ గోడ కనిపిస్తే ఆకలేసినట్టు ఉంటుంది. పొద్దున లేవగానే ఏ గోడ మిగిలిందా అని చూస్తాను. రాస్తున్నంతసేపూ కాళ్ళ నొప్పి తెలియదు, నమాజు వేళ తెలియదు. బేగం పోయిన సంగతి కూడా గుర్తుండదు. పెళ్ళినాటి నుంచి నా పక్కనున్న మనిషి పోయి నాలుగేళ్ళయినా, ఆ సంగతి మరిచిపోయిన పూట లేదు ఇదివరకు.

డాక్టరమ్మ మొన్న అడిగింది, కొత్త అలవాట్లేమైనా ఉన్నాయా అని. లేవమ్మా అన్నాను. అబద్ధం కాదుగా, నాది పాత అలవాటే.

ఇంట్లో గోడలు అయిపోయాయి. ఫ్రిజ్ మీద రాశాను. చెక్క బీరువాకి లోపలా బయటా ఆకుపచ్చ ఎనామిల్ వేసి, దాని మీద పసుపు రంగుతో అక్షరాలు పెట్టాను. అద్భుతంగా వచ్చింది. నువ్వొచ్చి చూడాలి.

బాబ్జాన్

•

అవనిగడ్డ
అక్టోబర్ 15

బాబ్జీ,

ఏ బీరువా? బేగం బీ ఓనమాలు దిద్దుకున్నదేనా?

నీ పెళ్ళయిన కొత్తలో నేను మీ ఇంటికొచ్చినప్పుడు చూపించావు. బడి మొహం చూడని పిల్లకి నేనే నేర్పుతున్నానని గొప్పగా తలుపు తెరిచి చూపించావు. లోపలివైపు పెన్సిల్‌తో అ నుంచి అః దాకా. తరవాతెప్పుడో సబీహా పుట్టాక, 'సబిహా' అని దీర్ఘం లేకుండా రాసింది. నేను దిద్దబోతే నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు, ఉండనీరా అని. ఆ తలుపేనా?

ఇక్కడ మందుల షాపు పెట్టిన యేసుకుమార్ నా శిష్యుడే. ఎవరికని చెప్పకుండా అడిగాను. మీ డాక్టరమ్మ ముందే చెప్పిందే వాడూ చెప్పాడు. ఆ మాత్ర చేతిని కదిపించే చోటే కాదు, ఇంకా కావాలి అనిపించే చోటుని కూడా ముట్టుకుంటుందట. పేకాట కానక్కర్లేదట. మనిషికి ఏది ప్రాణమో దాన్నే పట్టుకోవచ్చట. ఇంకో మాట కూడా చెప్పాడు. ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమేనట, డాక్టరే మెల్లగా తగ్గించాలట. కాబట్టి ఈ ఉత్తరం చదివి రోషంతో మాత్రలు పారెయ్యకు.

సబీహాకి నువ్వే చెప్పు. నీ నోటితో చెబితే ఆ పిల్ల తట్టుకుంటుంది. వచ్చే ఆదివారందాకా చూస్తాను. ఆ తరవాత నేను చెబుతాను. నీ వెనకాల చెయ్యడం ఇష్టం లేక ముందే రాస్తున్నాను.

రత్నం

•

పటమట
అక్టోబర్ 18

జీవరత్నం గారికి,

మిమ్మల్ని నమ్మి రాశాను. అది నా బుద్ధితక్కువ.

రెండేళ్ళు శవంలా కూర్చున్నాను. అప్పుడు ఎవరూ గడువులు పెట్టలేదు. ఇప్పుడు నాలుగు అక్షరాలు రాసుకుంటుంటే అందరికీ నా ఆరోగ్యం గుర్తొచ్చింది. చిన్నప్పటి నుంచీ మీకు నా చేతిరాతంటే కుళ్ళు. ఇన్నాళ్ళకి బయటపడింది.

చెబితే చెప్పుకోండి. మళ్ళీ నాకు ఉత్తరం రాయకండి.

షేక్ బాబ్జాన్

•

అవనిగడ్డ
అక్టోబర్ 27

బాబ్జీ,

చెప్పాను.

నిన్న సబీహాకి ఫోన్ చేశాను. మాత్రల సంగతి, షాపుల సంగతి, అంతా. ఆ అమ్మాయి అంతా వింది. తరవాత నాకు తెలియని సంగతి ఒకటి చెప్పింది. కిందటి బుధవారం నువ్వు బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లైఓవర్ స్తంభానికి నిచ్చెన వేసి, రెండువైపులా బస్సులు పోతుంటే రాస్తూ ఉన్నావట. ట్రాఫిక్ కానిస్టేబుల్ దింపబోతే, "అయిపోతందండీ, ఇంకొక్క కొమ్ము పెట్టాలంతే" అని బతిమాలావట. ఆ కానిస్టేబులే నిన్ను ఆటోలో సబీహా ఆఫీసుకి తీసుకొచ్చి అప్పజెప్పాడట. ఆ సంగతి నువ్వు నాకు రాయలేదు.

నాకు కుళ్ళు అన్నావు. నిజమే, చిన్నప్పుడు ఉండేది. ఇప్పుడది లేదని నిరూపించే దారి నా దగ్గర లేదు. నువ్వు రాసే అక్షరం కన్నా నువ్వు నిచ్చెన దిగి ఇంటికి చేరడం నాకు ఎక్కువ. ఇంతకన్నా చక్కగా చెప్పడం ఈ తెలుగు మాస్టారికి చేతకాదు.

మళ్ళీ ఉత్తరం రాయొద్దన్నావు. రాయకుండా మాత్రం నన్ను ఆపలేవు.

రత్నం

•

పటమట
డిసెంబర్ 3

రత్నం బాబాయ్ గారికి,

సలాం. ఫోన్ చేశాక మీరు పంపిన ఉత్తరమూ, నవంబరులో పంపినదీ అందాయి. మా అబ్బా వాటిని విప్పలేదు, చింపెయ్యనూ లేదు. తలగడ కింద పెట్టుకున్నారు. అందుకే నేను రాస్తున్నాను.

మీరు ఫోన్ చేసిన రోజు ఇల్లంతా వెతికాను. ఖాళీ రంగు డబ్బాల్లో మాత్రల షీట్లు దొరికాయి. వాటిని చూసి డాక్టర్ రుచిత గారు కేకలేస్తారనుకున్నాను. వెయ్యలేదు. "ఈ తప్పు నాది కూడా అనుకో సబీహా. పెయింటర్‌గారు మళ్ళీ పెయింట్ వేస్తున్నారంటే మందు బాగా పనిచేస్తోందని నేనూ సంతోషించాను" అన్నారు. బాబాయ్, నేనూ అంతే. పేకాడితే పట్టుకునేదాన్ని. షాపింగ్ చేస్తే పట్టుకునేదాన్ని. మా అబ్బా అక్షరాలు రాస్తుంటే జబ్బని ఎలా అనుకుంటాను? వీడియోలు తీసి ఆఫీసులో అందరికీ చూపించాను.

ఆ కొత్త మాత్రని కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నారు. మాత్రలు నా దగ్గరే, తాళం వేసి పెడుతున్నాను. తగ్గించినకొద్దీ అబ్బాకి చెమటలు, గుండెదడ, ఊరికే భయం. ఒకరోజు నా కాళ్ళు పట్టుకోబోయారు, "ఒక్కటియ్యమ్మా, ఒక్కటే" అని. నేను గదిలోంచి బయటికి వచ్చేశాను. ఇంకొకరోజు, "మీ అమ్మ ఉంటే ఇచ్చేది" అన్నారు. మెదడు అలవాటుపడ్డదాన్ని అడుగుతోంది, ఆయన అడగట్లేదు అని రుచిత గారు చెప్పారు. అదే అనుకుంటూ పని చేసుకుంటున్నాను. కొన్నిసార్లు అనుకోవడం కుదరదు.

బీరువా సంగతి ఆరోజు ఫోన్‌లో మీరు అడిగారు. అవును, అమ్మీ రాసుకున్న తలుపే. ఆఫీసు నుంచి వచ్చేసరికి తడి రంగుతో తెరిచి ఉంది. అబ్బా నన్ను చూసి, "ఎలా ఉంది?" అని అడిగారు. ఆయన మొహంలో ఆ వెలుగు చూసి బాగుందన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మీరు ఆరోజు ఫోన్ చెయ్యకపోతే ఏమయ్యేదో నేను ఆలోచించదలచుకోలేదు. అబ్బాకి రాయడం మానకండి.

మీ
సబీహా

•

అవనిగడ్డ
జనవరి 9

బాబ్జీ,

వరికోతల ముందు చల్లిన మినుము మొలిచింది. ఊరి చుట్టూ చేలు లేతపచ్చగా ఉన్నాయి. తెరేసమ్మకి మోకాలి నొప్పి. సొలొమోను గారి స్కూటర్ మీద 'కృప' అలాగే ఉంది, చెరపమంటే ఆయన ఒప్పుకోవడం లేదు.

ఇది కాదు నేను రాయాలనుకున్నది.

నేను చేసింది నీ ప్రాణం కోసమో, నా భయం కోసమో నాకు స్పష్టంగా తెలియదు. స్తంభం మీద నుంచి నువ్వు పడ్డావని కబురొస్తే, ముందే తెలిసి ఊరుకున్నానన్న నింద మొయ్యలేనని భయపడ్డాను. ఆ భయంలో నీ మాట దాటాను. నువ్వు నమ్మి చెప్పిన మాటని. అది ఎంత అవసరమైనా, దాటడం దాటడమే. దానికి నువ్వు ఏమనుకున్నా పడతాను.

నువ్వు ఎలా ఉన్నావో నీ చేత్తో రాస్తే చదవాలని ఉంది. భూతద్దం బల్ల మీదే పెట్టుకున్నాను.

రత్నం

•

పటమట
ఫిబ్రవరి 22

ఒరేయ్ రత్నం,

చీమలు మళ్ళీ వచ్చాయి. ఓపిగ్గా చదువు.

వేషం మాత్ర పూర్తిగా ఆపేశారు. పాతవే వాడుతున్నాను. చెమటలూ దడా తగ్గాయి. నవంబరు, డిసెంబరు నెలలు ఎలా గడిచాయో నాకు సగం గుర్తులేదు, ఉన్న సగం గుర్తు లేకపోతే బాగుండును. సబీహా కాళ్ళు పట్టుకోబోయిన సంగతి గుర్తుంది. నీకు రాసిన ఆ ఉత్తరం కూడా గుర్తుంది. అందులో రాసింది ఏదీ నేను అనుకున్నది కాదని చెప్పి తప్పించుకోను. అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.

మొన్న డాక్టరమ్మని అడిగాను. "అమ్మా, ఆ మూడు నాలుగు నెలలూ రాసింది నేనా, మాత్రా?" ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. "మాత్ర మీకు అక్షరాలు నేర్పలేదు కదండీ. మనం ఏ పని చేస్తున్నా మెదడులో ఒక చోటు ఇంక చాలు అంటూ ఉంటుంది. ఆ మందు దాని నోరు నొక్కేసింది. రాయడం మీదే. ఆపలేకపోవడం మందుది. ఆ రెండిటి మధ్య గీత ఎక్కడ పడుతుందో నాకూ తెలియదు" అంది. తెలియదని ఒప్పుకున్నందుకు ఆవిడ మీద గౌరవం పెరిగింది. కానీ నా బాధ తీరలేదు.

బీరువా గురించి నువ్వు అడిగితే జవాబివ్వలేదు. ఇప్పుడు చెబుతాను. ఇది సబీహాకి కూడా చెప్పలేదు. చూసుకోకుండా రంగేశానని ఆ పిల్ల అనుకుంటోంది. లేదా, అలా అనుకుంటోందని నన్ను నమ్మనిస్తోందేమో.

చూశాను రా. తలుపు తెరిచాను. అ ఆ ఇ ఈ కనిపించాయి. దీర్ఘం లేని సబిహా కనిపించింది. ఇవి బేగం రాసినవి అని తెలుసు. నా చేతిలో ఆకుపచ్చ బ్రష్ ఉంది. తెలిసి కూడా నాలో ఏదీ అడ్డం రాలేదు. ఏడుపు రాలేదు, అయ్యో అనిపించలేదు. ఈ ఆకుపచ్చ మీద పసుపు గీత ఎలా పలుకుతుందో చూడాలని, అదొక్కటే. వేసేశాను. మరిచిపోయి వేసుంటే నన్ను నేను క్షమించుకునేవాణ్ణి. మందు నా జ్ఞాపకం ఏమీ తియ్యలేదు. ఆ జ్ఞాపకానికి ఉన్న బరువు తీసేసింది. ఇప్పుడు ఆ బరువంతా ఒక్కసారే తిరిగొచ్చింది. ఆ తలుపు ముందు కూర్చుని, బేగం పోయిన రోజు ఏడ్చినదానికన్నా ఎక్కువ ఏడ్చాను. గీకితే రంగుతో పాటు పెన్సిల్ గీతలు కూడా పోతాయని తెలుసు. గీకలేదు.

పోయిన వారం ఇంటికి సున్నం వేయించాం. వేసేముందు గోడలన్నీ తిరిగి చూశాను. నలభై ఏళ్ళు ఈ పని చేసినవాడి కళ్ళతో చూశాను. నీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది, చాలావరకు బాగాలేవు. ఒకటే కిక్కిరిసి ఉన్నాయి. అక్షరానికీ అక్షరానికీ మధ్య గాలి లేదు. నా షెడ్డులో పనివాడు అలా రాస్తే చెరిపించేవాణ్ణి. రాస్తున్నప్పుడు మాత్రం ప్రతిదీ అద్భుతం అనిపించింది. పెరటి గోడ మీద ఒక్క 'ణ' ఉంది. అది వేరు. ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియకుండా తిరిగింది. నా జన్మలో అలాంటి అక్షరం రాయలేదు. సబీహా అడిగింది, "దీని మీద కూడా వెయ్యమననా అబ్బా?" అని. ఉంచమన్నాను. కింద నా పేరు రాయమంది. ఎందుకో చెయ్యి ముందుకి పోలేదు. ఈసారి జబ్బు వల్ల కాదు.

నువ్వు చెప్పడం సరైన పనే. పొద్దునపూట నేనూ ఆ మాటే అంటాను. సాయంత్రానికి మందు దిగి, సబీహా గ్లాసు నోటికందిస్తే తాగాల్సి వచ్చినప్పుడు, రత్నంగాడు నోరు మూసుకునుంటే ఇంకో ఏడాది రాసుకునేవాణ్ణి కదా అనిపిస్తుంది. ఆ ఏడాదిలో ఇంకేం చెరిపేసేవాణ్ణో అప్పుడు గుర్తుకురాదు. రెండూ నాలోనే ఉన్నాయి. నీకు ఒకటే రాస్తే అబద్ధమవుతుంది.

పొద్దున మాత్ర వేసుకున్నాక కాసేపు చెయ్యి నా మాట వింటుంది. మధ్యాహ్నం లోపల పోతుంది. ఆ కాసేపట్లో ఏం చెయ్యాలో నేనే చూసుకోవాలి. గడ్డం గీసుకోవడమా, అన్నం నా చేత్తో కలుపుకుని తినడమా, బ్రష్ పట్టుకోవడమా, ఏదో ఒకటే అవుతుంది. కొన్నాళ్ళుగా ఆ టైమంతా ఈ ఉత్తరానికే ఇస్తున్నాను. గడ్డం పెరిగింది. సబీహా ఎవరికబ్బా అంత పెద్ద ఉత్తరం అని అడగలేదు, దానికి తెలుసు.

ఇకనైనా రా. తెరేసమ్మని కూడా తీసుకురా. బస్సు పొద్దున్నే ఎక్కండి. మధ్యాహ్నం దాటితే నేను పూర్తిగా దొరకను.

బాబ్జాన్